ఎడమచేతి హస్తవాసి

డిసెంబర్ 4

పొద్దున్నే ఈయన పేపరు కత్తిరించి, మా ల్యాబు వార్త ఉన్న ముక్కని కళ్ళజోళ్ళ షాపు తలుపుకి అంటించేశారు. ఫోటోలో మా ల్యాబు పెద్దాయన హాయిగా నవ్వుతున్నారు. పక్కన నేను తుమ్మబోతూ ఆగిపోయినదానిలా ఉన్నాను. "ఇంకో పదేళ్ళలో నా షాపు మూతపడుతుంది, మూయించేది మా ఆవిడే" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారట. షాపు మూతపడుతుందని ఇంత సంబరపడే మనిషిని నేనెక్కడా చూడలేదు.

అత్తయ్య ఏదైనా అర్థమయ్యేదాకా వదిలే రకం కాదు. భోజనాల దగ్గర పట్టుకుంది. "అసలు అదేం అద్దమే? పేపర్లో రెండుసార్లు చదివాను, ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు."

చెప్పాను. అది అద్దం కూడా కాదు, వెంట్రుక కంటే ఎంతో పల్చని పూత. అందులో కంటికి ఆనని చిన్న చిన్న స్తంభాలు, ఒక్కొక్కటీ వెలుగు అలకంటే చిన్నది. మామూలు అద్దం తన వంపుతో వెలుగుని వంచుతుంది. ఇది చదునుగా ఉండే వంచుతుంది. కరెంటుతో మెల్లగా వేడి తగిలిస్తే లోపలి అణువులు వరసలో సర్దుకుంటాయి, వెలుగు వంగే తీరు మారిపోతుంది. దగ్గరి చూపు అద్దం కాస్తా దూరపు చూపు అద్దమవుతుంది. మైక్రోస్కోపులో చూస్తే పూతలో పచ్చగా ఉన్న చిన్న గడి ఎర్రబడుతుంది. ఇంతవరకూ చాలామంది చేశారు. కష్టమంతా దాన్ని మళ్ళీ పచ్చగా తేవడంలో ఉంది. ఒక్క దెబ్బతో కరిగించి, అణువులు మళ్ళీ వరసకట్టేలోగా చల్లార్చెయ్యాలి. మా పూత అలా తిరిగొచ్చింది. అదీ వార్త.

"అంటే ఈ రెండు ముక్కల కళ్ళజోడులోంచి తల ఎత్తుతూ దించుతూ చావక్కర్లేదన్నమాట. త్వరగా కానియ్యి తల్లీ, మెట్లు దిగాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటున్నాను" అంది అత్తయ్య.

ల్యాబులో చప్పట్లు. పెద్దాయన అందరి ముందూ అన్నారు: "యంత్రాలు అందరికీ ఉన్నాయి. ఇది మాత్రం మన అమ్మాయి హస్తవాసి. ఆ ఎడమచెయ్యి పడితేనే తిరిగొస్తుంది." చిన్నప్పుడు ఎడమచేత్తో రాస్తే టీచరు స్కేలు తిరగేసి కొట్టేది. ఇవాళ అదే చేతికి చప్పట్లు. పొంగిపోయాను. దాచడమెందుకు, బాగా పొంగిపోయాను.

పిచ్చుక ఒక్కతే మూలన నిలబడి ఉంది. ఈ మధ్యే చేరింది. ఒకచోట కాలు నిలవదని ఆ పేరు పెట్టాం. స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం, చక్కగా పర్మనెంటు అయినది, మానేసి మరీ మా దగ్గరికొచ్చింది. నా పని ఇంకొకరి చేతిలో కూడా వస్తుందని చూపించడమే దాని పని. ఇంతవరకూ ఒక్కసారి కూడా రాలేదు.

"అదే చిప్పు, అదే కరెంటు, అదే యంత్రం. నాకెందుకు రాదక్కా?"

"చెయ్యి కుదరాలమ్మా. ఓపిక పట్టు" అన్నాను, పెద్ద గురువుగారిలా.

డిసెంబర్ 19

పిచ్చుకకి ఇవాళ కూడా రాలేదు.

పూత పూసిన ఒక్కో చిప్పు మీద వరసగా తొమ్మిది గడులుంటాయి. నా చేతిలో మొదటి నాలుగూ తిరిగొస్తాయి. అయిదోదీ, దాని తర్వాతవీ రావు. మూడు చిప్పులు చేశాను, మూడింటిలోనూ ఇదే తంతు. మధ్యకొచ్చేసరికి వేడి పేరుకుపోతోందని పెద్దాయన ఒక పేజీ వివరణ రాశారు. ఎంత బాగా రాశారో, చదివితే నాకే ముచ్చటేసింది.

పిచ్చుక అది చదివి, "వేడి పేరుకుంటే కొంచెం కొంచెంగా చెడాలి కదక్కా? నాలుగు దాకా నిక్షేపంలా వచ్చి, అయిదో దగ్గర తలుపేసినట్టు ఆగిపోతుందా?" అంది.

"ముందు నువ్వు ఒకటోది తెప్పించు. అయిదోదాని సంగతి తర్వాత అడుగుదువుగాని" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది.

జనవరి 8

బీరువా తలుపులో ఎడమచేతి వేళ్ళు నలిగాయి. అత్తయ్య మందు రాసి, కట్టు కట్టి, బీరువాని తిట్టి, బీరువా కొన్న తన కొడుకుని తిట్టి, చివరికి చూసుకోనందుకు నన్ను తిట్టింది.

ల్యాబులో అన్నీ కుడిచేత్తో చేయాల్సొచ్చింది. కొత్త చిప్పు, మొదటి గడి. తిరిగి రాలేదు. రెండోదీ రాలేదు. ఎర్రగా, మొండిగా కూర్చుంది. "చూశావా, హస్తవాసి అంటే ఇదే" అని పిచ్చుకని ఆటపట్టించాను.

సరదాగానే అన్నాను. కానీ దారంతా అదే బుర్రలో తిరుగుతోంది. అణువులకి నా చెయ్యి ఏదో ఎలా తెలుస్తుంది?

జనవరి 9

అందరూ మీటింగుకి వెళ్ళారు. నేను వేళ్ళ నొప్పి అని చెప్పి ఉండిపోయాను.

కట్టు విప్పి ఎడమచేత్తో చేశాను. మూడో గడి పచ్చగా తిరిగొచ్చింది. నాలుగోది కుడిచేత్తో. రాలేదు.

అప్పుడు క్లిప్పు తీసి చిప్పు మూల చూశాను. ఎటు పక్క ఎటో తెలియడానికి ప్రతి చిప్పుకీ ఒక మూల కోసి ఉంటుంది. మైక్రోస్కోపు బల్ల మీద పెడితే ఆ మూల క్లిప్పు కిందికి పోతుంది, కనిపించదు. ఎన్నడూ చూసుకున్న పాపాన పోలేదు.

రెండో గదిలో పెద్ద యంత్రం ఉంది, ఎర్రబెట్టిన గడిని ఒక్క దెబ్బతో కరిగించి చల్లార్చేది. సుత్తి అంటాం. దాని తలుపు కుడిచేతి వాటం వాళ్ళ కోసం పెట్టింది. దాని లోపలా, బాక్సులోనూ చిప్పు ఒక్క తీరుగానే కూర్చుంటుంది; ఒక్కో గడి అయ్యాక బాక్సులో పెట్టి మళ్ళీ తీస్తాను. అక్కడ తప్పు జరగడానికి లేదు. కానీ దాన్ని ఎడమచేత్తో బయటికి తీయాలంటే మణికట్టు మెలిపెట్టాలి. మెలిపెట్టి తీసి, మైక్రోస్కోపు దగ్గరికొచ్చి మామూలుగా పెడతాను. ఆ మెలిక విడిపోయేసరికి చిప్పు సగం చుట్టు తిరిగి ఉంటుంది. ఎడమ నుంచి మూడోదనుకుని నేను చూసేది కుడి నుంచి మూడోది. ఎవరూ ముట్టుకోని గడి. పచ్చగా ఉండక ఏమవుతుంది?

అయిదోది సరిగ్గా మధ్యది. చిప్పుని ఎటు తిప్పినా అది అక్కడే ఉంటుంది. అయిదు దాటాక అద్దంలో చూసినట్టు ముందు ఎర్రబెట్టిన గడులే ఎదురవుతాయి. అందుకే రాలేదు. వేడీ కాదు, గీడీ కాదు.

నా పూత తిరిగి రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు.

కుర్చీలో కూలబడ్డాను. మీటింగు నుంచి వాళ్ళు నవ్వుకుంటూ వస్తున్న చప్పుడు వినబడింది. గబగబా చిప్పు తీసి బాక్సులో పెట్టేశాను. ఎందుకు పెట్టేశాను? అక్కడే చూపించి ఉండొచ్చు కదా.

జనవరి 10

తెలియక జరిగిన పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. సోమవారం పెద్దాయనకి చెప్పేస్తాను.

జనవరి 13

పెద్దాయన ఊళ్ళో లేరు. మా పని గురించే ఎక్కడో మాట్లాడడానికి వెళ్ళారు. ఇలాంటివి ఫోన్లో చెప్పే సంగతులు కావు.

జనవరి 22

వచ్చారు. గదిలోకి వెళ్ళాను. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. ఆయన, నా కోసం! "రావమ్మా, నువ్వు రావాల్సింది. నేను మాట్లాడడం అయిపోగానే హాలంతా లేచి నిలబడింది. ముప్ఫై ఏళ్ళలో నాకు అలా ఎప్పుడూ జరగలేదు. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబితే ఏడ్చేసింది" అన్నారు. ఫోటోలు ఒక్కొక్కటీ చూపించారు. ఒక ఫోటోలో వెనక తెర మీద మా మూడో గడి, ఇల్లంత పెద్దదిగా, పచ్చగా.

"నువ్వేదో చెప్పాలని వచ్చావు" అన్నారు చివరికి.

"మైక్రోస్కోపుకి కొత్త క్లిప్పులు కావాలి సార్" అన్నాను.

"తెప్పిద్దాం. క్లిప్పులేమిటి, ఏం కావాలన్నా అడుగు."

క్లిప్పులట! నా మొహం మండా.

జనవరి 25

ఆదివారం. షాపు తలుపు మీది పేపరు ముక్క మూలలు లేచిపోయాయి. ఎండకి పాడైపోయింది, తీసేద్దామన్నాను. సాయంత్రానికల్లా ఈయన దానికి లామినేషన్ చేయించుకొచ్చారు.

ఫిబ్రవరి 3

ఇవాళ మీటింగులో పెద్దాయన పిచ్చుకని నిలబెట్టి అడిగారు.

"ఎన్ని చిప్పులు పాడుచేశావు?"

"లెక్కపెట్టలేదు సార్."

"నేను పెట్టాను. బాధపడకమ్మా, ఉన్న మాట చెబుతున్నాను. అందరి చేతులూ అన్ని పనులకీ పనికిరావు. ఆమె చేస్తే వస్తోంది, నువ్వు చేస్తే రావడం లేదు. ఉన్న తేడా చెయ్యే కదా? మార్చి ఆఖరిలో చూస్తాను. అప్పటికీ రాకపోతే నువ్వు వేరే దారి చూసుకోవాలి."

పిచ్చుక తన చేతులకేసి చూసుకుంది. నేను బల్ల మీదున్న నీళ్ళ గ్లాసుకేసి చూశాను. "ఏమంటావు?" అని పెద్దాయన నన్ను అడిగారు కూడా. "కష్టపడే పిల్ల సార్" అన్నాను. అది సిఫార్సులా వినిపించింది.

తర్వాత క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చుంది. "నిజం చెప్పండక్కా. నాలో లోపం ఎక్కడుంది? నా చెయ్యి వణుకుతుందా? నేను చూసుకోలేకపోతున్నానేమో, మీరు చూసి చెప్పండి."

"వణకదు" అన్నాను. అదొక్కటే నిజం.

"మా అమ్మ రోజూ ఫోన్ చేసి ఎలా ఉందని అడుగుతుంది. బాగుందనే చెబుతున్నాను. స్కూలు ఉద్యోగం వదలొద్దని నా కాళ్ళు పట్టుకున్నంత పనిచేసింది తెలుసా?"

తెలియదన్నాను. టీ చల్లారిపోయింది.

ఫిబ్రవరి 4

రేపు.

ఫిబ్రవరి 11

పెద్దాయనకి జాలేసింది. "పోనీ, నువ్వే ఒకసారి పక్కన నిలబెట్టుకుని చేసి చూపించు. చివరి అవకాశం ఇచ్చినట్టుంటుంది" అన్నారు. దేవుడు దారి చూపించాడనుకున్నాను. పిచ్చుక చూస్తుండగా కుడిచేత్తో చేస్తాను, రాదు, ఇద్దరం కలిసి వెతుకుతాం, మూల కనిపిస్తుంది, అప్పుడే తెలిసినట్టు అయిపోతుంది. ఎవరి పరువూ పోదు. పొద్దున స్నానం చేస్తూ మొత్తం అనుకుని పెట్టుకున్నాను. అద్దం ముందు "అరే, ఇదేమిటి!" అని ఆశ్చర్యపోవడం కూడా ప్రాక్టీసు చేశాను.

పెద్దాయన కూడా వచ్చి గుమ్మంలో నిలబడతారని అనుకోలేదు.

పిచ్చుక నా భుజం పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడింది. బాక్సులోంచి చిప్పు తీసి పెట్టాను. మూడో గడికి వేడి ఇచ్చాను. పచ్చ పోయి ఎరుపొచ్చింది. సుత్తి దగ్గరికి తీసుకెళ్ళాను. దెబ్బ పడింది. తలుపు తెరిచాను.

అక్కడ ఆగాను. వెనక పెద్దాయన, "చూడు, చెయ్యి ఎలా పోతుందో చూడు" అని పిచ్చుకతో అంటున్నారు.

ఎడమచెయ్యి దానంతటదే ముందుకెళ్ళిపోయిందని రాద్దామనుకున్నాను. అబద్ధం. చేతులు వాటంతటవి ఎక్కడికీ వెళ్ళవు. నేనే పంపాను.

మైక్రోస్కోపు తెర మీద పచ్చటి గడి. పిచ్చుక చప్పట్లు కొట్టింది. "ఎంత సులువుగా చేసేశారక్కా!" అంటూ నా చెయ్యి తన రెండు చేతుల్లోకీ తీసుకుంది. కళ్ళల్లో నీళ్ళు. "అయితే పద్ధతిలో తప్పేం లేదు. తప్పంతా నాలోనే ఉంది. అదొకటి తేలిపోయింది, అది చాలు."

ఫిబ్రవరి 12

ఇదివరకటిది పొరపాటు. నిన్నటిది పొరపాటు కాదు. ఈ ఒక్క మాటా రాయడానికి ఇంతసేపు పట్టింది.

ఛీ.

ఫిబ్రవరి 20

క్యాంటీన్లో పిచ్చుక ఎడమచేత్తో సూపు తాగుతోంది. సగం గిన్నెలో, సగం ఒళ్ళో. అందరూ ఒకటే నవ్వు.

"మీరు ఎడమచేత్తో తీస్తారు కదక్కా. చెయ్యే తేడా అని సార్ అన్నారు కదా. చెయ్యే మార్చేస్తే పోలా? వారం నుంచి అన్నీ ఎడమచేత్తోనే చేస్తున్నాను. తల దువ్వుకోవడం, తాళం తీయడం, అన్నీ. మా ఇంటి ఓనరు తాళం కప్ప మార్చాల్సి వస్తుందంటున్నాడు. ఇంకో వారానికి ట్వీజర్ పట్టుకోవడం వస్తుంది. అలా చేసి చూడనా?"

నవ్వుతూనే అడిగింది, కానీ ముఖం పీక్కుపోయింది.

"చూడు" అన్నాను.

నేనేం అబద్ధం చెప్పలేదు. చూడమన్నాను, అంతే.

ఫిబ్రవరి 27

వచ్చింది. వస్తుందని నాకు తెలుసు కదా.

పిచ్చుక కేకకి పక్క గదుల్లోవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. "అక్కా, పచ్చ! అక్కా, పచ్చగా ఉంది!" అని గెంతుతోంది. పెద్దాయన కేకు తెప్పించారు. "ఇవాళ్టి నుంచి ఈ ల్యాబులో అందరిదీ ఎడమచేతి వాటమే. కుడిచేత్తో కేకు తిన్నవాళ్ళ ఉద్యోగం పీకేస్తాను" అన్నారు. ఎడమచేత్తో తింటూ అందరూ మూతులకి పూసుకున్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

పిచ్చుక వరండాలో తల్లితో ఫోన్లో మాట్లాడుతోంది. "వచ్చిందమ్మా! లేదు, ఇక పంపించెయ్యరు. ఏడవకు. ఎందుకేడుస్తున్నావు, వచ్చిందంటుంటే!"

మార్చి 1

నింపాదిగా ఆలోచిద్దాం. ఆ పిల్ల ఉద్యోగం నిలబడింది. పెద్దాయన సంతోషంగా ఉన్నారు. ఈ పూత కాకపోతే ఇంకో పూత రేపో ఎల్లుండో నిజంగానే తిరిగొస్తుంది. నేను రాత్రింబవళ్ళు దాని మీదే కూర్చుంటాను. అది వచ్చాక దీని సంగతి ఎవరూ అడగరు. అప్పటిదాకా ఎవరికి నష్టం? ఎవరికీ లేదు.

మధ్యాహ్నం అత్తయ్య చివరి మెట్టు కనబడక పడింది. మోకాలు చెక్కుకుపోయింది. మందు రాస్తుంటే, "ఏం పర్లేదులే. నీ అద్దం వచ్చేదాకా ఓపిక పట్టాలి, అంతేగా" అంది.

"వస్తుందత్తయ్యా" అన్నాను. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

మార్చి 6

పిచ్చుక నాలుగు రోజులుగా గెంతడం లేదు. మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉంటుంది. నేను వెళితే తల తిప్పుకుంటుంది. ఏమైందని అడగాలి. ఏమైందో నాకు తెలుసు కాబట్టి అడగలేదు.

మార్చి 9

"అక్కా, కాసేపు కూర్చోండి" అంది. తలుపు దగ్గరగా వేసింది. "మీరు కోప్పడకూడదు."

కూర్చున్నాను.

"ఎడమచెయ్యికీ అణువులకీ ఏమిటి సంబంధమని ఒకటే తొలిచేస్తోంది. స్కూల్లో పిల్లలకి నేనే చెప్పేదాన్ని, కారణం తెలియకపోతే వచ్చిన జవాబుని నమ్మొద్దని. నాకు జవాబు వచ్చేసరికి ఎగిరి గంతేశాను. సిగ్గేసింది. అందుకని చిప్పు మూల దగ్గర మార్కర్‌తో చుక్క పెట్టి చేశాను." ఆ చిప్పు నా ముందు పెట్టింది. "తిరిగిపోతోందక్కా. సుత్తిలోంచి తీసేటప్పుడు తిరిగిపోతోంది. మనం చూస్తున్నది అవతలి పక్క గడి."

మనం అంది.

"మొదటి నుంచీ అదే అయ్యుంటుంది. మీరు కూడా... మీకెలా చెప్పాలో తెలియక చచ్చిపోతున్నాను. ఎన్నేళ్ళ పని మీది! పేపర్లో వచ్చింది, మీ ఇంట్లో అందరూ... నా నోటితో ఎలా చెప్పనని రోజూ అనుకోవడం, మీ ముఖం చూసి వెళ్ళిపోవడం."

ఏడ్చేసింది. తన కోసం కాదు, నా కోసం. ముక్కు తుడుచుకుంటూ, నా వీపు నిమురుతూ ఏడ్చింది.

నాకు తెలుసమ్మా అనాలి. రెండు మాటలు.

"ఔనా?" అన్నాను.

కనుబొమలు కూడా ఎగరేశాననుకుంటాను. స్నానాల గదిలో ప్రాక్టీసు చేసింది వృథా పోలేదు.

"రేపు మీటింగులో సార్‌కి నేను చెప్తాను. మీకు నోరు రాదు, నాకు తెలుసు. ముందు నా చిప్పులో దొరికిన తప్పుగా మొదలుపెడతాను. తెలియక జరిగిందని గట్టిగా చెప్తాను. మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనకుండా చూసుకుంటాను" అంది.

"మరి నీ ఉద్యోగం?"

"పాత స్కూల్లో అడిగి చూడాలి. నా బదులు ఇంకెవరినో తీసుకునే ఉంటారు" అని నవ్వబోయింది, రాలేదు.

ఇంటికొచ్చాక ఈయన, "ఏమిటలా ఉన్నావు, ఒంట్లో బాగోలేదా?" అని నుదురు ముట్టుకుని చూశారు. జ్వరం లేదన్నారు.

మార్చి 10

పిచ్చుక బోర్డు ముందు నిలబడి తొమ్మిది గడులు గీసింది. టీచరు కదా, ఎంత బాగా చెప్పిందో. కాగితం ముక్కని చిప్పులా పట్టుకుని, ఎడమచేత్తో మెలిపెట్టి తీసి చూపించింది. అయిదోది ఎందుకు రాదో చెప్పేసరికి గదిలో ఎవరో 'అబ్బా' అన్నారు.

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "నువ్వు తిప్పావు, సరే. నీకు చేతకాలేదు, తిప్పావు. ఆమె కూడా తిప్పిందని ఎలా అంటావు? నిన్నగాక మొన్న వచ్చావు. ఆమె పనిని వేలెత్తి చూపించేటంత దానివా? ఇన్ని నెలలు నిన్ను భరించినందుకు ఇదా?"

"అక్కకి తెలియదు సార్" అంది పిచ్చుక. "నిన్న నేను చెప్పేదాకా తెలియదు. తెలిస్తే ఒక్కరోజు కూడా దాచేవారు కారు. నన్ను ఏమన్నా అనండి, ఆవిణ్ణి మాత్రం అనొద్దు. నేను పూచీ."

పెద్దాయన నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. ఈ అమ్మాయి చెబుతున్నది నిజమేనా?"

"నిజమే సార్. అన్నీ అవతలి పక్క గడులే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించారు. "నీకెప్పుడు తెలిసింది?" అన్నారు.

నిన్న అంటే సరిపోతుంది. అందరూ నమ్ముతారు. నాకు సాక్ష్యం చెప్పే మనిషి బోర్డు ముందే నిలబడి ఉంది, చేతికి సుద్దతో. నిన్న అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిచ్చుక నాకేసి చూసి, ధైర్యంగా చెప్పమన్నట్టు తలూపింది. ఆ ఊపుడు నేను భరించలేకపోయాను. మంచితనం కాదు. భరించలేకపోయాను, అంతే.

"జనవరిలో" అన్నాను.

పెద్దాయన ఆ వార్త తప్పని మేమే ప్రకటించాలనీ, అది నేనే రాయాలనీ చెప్పారు. పిచ్చుకతో, "నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఇందాక నేనన్న మాటలు మర్చిపో" అన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అందరూ ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు, కుర్చీలు చప్పుడు కాకుండా జరుపుకుంటూ.

పిచ్చుక బోర్డు తుడుస్తోంది. అటు తిరిగే అడిగింది.

"నాకు చేసి చూపించిన రోజున తెలుసా?"

"తెలుసు."

"ఎడమచేత్తో చూడనా అని అడిగినప్పుడు?"

"తెలుసు."

తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. క్షమించమని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. అడిగితే క్షమించేస్తుందేమోనని కూడా భయమేసింది.

సాయంత్రం నా బల్ల మీది సామాన్లు సర్దుకుంటుంటే అది మైక్రోస్కోపు దగ్గర ఉంది. పని ముగించి లేచి నిలబడింది.

"మేడమ్, ఈ దీపం ఆపేయమంటారా?"

ఆపెయ్యమన్నాను. ఆపేసి, తలుపు తెరిచి పట్టుకుని, నేను ముందు వెళ్ళేదాకా పక్కకి ఒదిగి మర్యాదగా నిలబడింది.